చదువరాని శిలారేఖ – చెరుపరాని ధర్మం



అనంతపురం సీమలో నీరు అరుదు, రాయి అపారం. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఒదిగిన ఈ పీఠభూమిపై ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురుస్తుంది. అదీ అదనుకు కురవని సంవత్సరాలే ఎక్కువ. పచ్చదనం పలుచబడిన చోట భూమి తన ఎముకలను దాచుకోజాలదు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుండ్లు, ఆ గుట్టలను చీల్చుకొని గోడవలె సాగే నల్లరాతి పంక్తులు ఇక్కడి దిక్కులన్నింటా కానవస్తాయి. ఆ శిలలమీద ఎవరో, ఏనాడో, రాతితో రాతిని కొట్టి రూపించిన ఆకృతులున్నాయి. మూపురపు ఎద్దులు, వాటి దీర్ఘశృంగాలు, మనుష్యరూపాలు, చిన్న చిన్న గుంటలు, ఏ పేరూ పెట్టడానికి వీలుకాని గుర్తులు. ఉరవకొండ పరిసరాల్లోని గుట్టలు మొదలుకొని బళ్ళారి వరకు ఇటువంటివి కనిపిస్తాయి. వాటి భావమేమిటన్న ప్రశ్నకు నేటికీ సిద్ధాంతరూపమైన సమాధానం లేదు.

అర్థం తెలిసిన శాసనానికి నమస్కరించడం సులభం. అర్థం తెలిసిన మంత్రాన్ని జపించడమూ సులభమే. అర్థం తెలియని దాని ఎదుట నిలిచినప్పుడు ఆస్తికుని కర్తవ్యమేమిటి? ఈ ప్రశ్న కేవలం పురావస్తు పరిశోధకులది కాదు, సాధకునిది కూడా.

ఈ రేఖల్లో ప్రసిద్ధమైనవి బళ్ళారి పట్టణానికి సమీపంలోని కుప్పగల్లు కొండమీద ఉన్నాయి. నేడది కర్ణాటక. అయితే అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుండి విడివడి ఏర్పడినదే. బళ్ళారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. పాలనాపరమైన హద్దులు మారినా పీఠభూమి ఒక్కటే, శిల ఒక్కటే. ఆ కొండకు అడ్డంగా సాగిన నల్లరాతి పంక్తిపై వందలకొలది ఆకృతులున్నాయి. 1892లోనే వీటి ప్రస్తావన అచ్చులోకి వచ్చింది. శతాబ్ది గడిచిన తరువాత నికోల్ బోవిన్ అనే పరిశోధకురాలు వీటిని మళ్ళీ పరిశీలించి 2004లో తన వ్యాసాన్ని ప్రకటించింది.

ఆ ఆకృతులు రంగుతో వేసినవి కావు. ఎండకు వానకు నల్లబడిన శిలాచర్మాన్ని రాతితో పొడిచి పొడిచి తొలగిస్తే లోపలి లేతవర్ణం బయటపడుతుంది, అదే రేఖ. కాలం గడిచినకొద్దీ ఆ రేఖ కూడా మెల్లమెల్లగా నల్లబడి మాతృశిలలో కలిసిపోతుంది. నలుపు ఎంత ముదిరితే రేఖ అంత ప్రాచీనమని స్థూలంగా ఊహిస్తారు. కొన్ని బొమ్మలు మనిషి కుదురుగా నిలబడడానికి కూడా చోటులేని శిలాముఖాలపై ఉన్నాయి. చూసేవారి సౌకర్యం కోసం అక్కడ గీసినట్లు తోచదు. ఎవరి కోసం గీశారు? చూడడానికా, గీయడానికేనా?

గీసినవారిలో తొలివారు దక్షిణాపథపు నవీన శిలాయుగ జనులని పండితుల అభిప్రాయం. వారు సుమారు ఐదువేల సంవత్సరాల క్రితం నుండి ఈ పీఠభూమిలో పశువులను మేపుతూ జీవించారు. వారి పంటల్లో ఉలవలు, పెసలు, అండుకొర్రలు ఉన్నట్లు త్రవ్వకాల్లో దొరికిన మాడిన గింజలు చెబుతున్నాయి. కరవుకు ఓర్చే ఉలవ నేటికీ ఈ సీమ రైతు ఇంట ఉంది. ఆ జనుల భాష తెలియదు, దేవతల పేర్లు తెలియవు, తిన్న గింజ మాత్రం తెలుసు.

వారు విడిచిపోయిన మరొక చిహ్నం బూడిదదిబ్బలు. కల్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి దిబ్బ వాటిలో ఒకటి. ఇవి రాక్షసుల దహనభస్మమని, మహాయజ్ఞాల శేషమని జనులు చెప్పుకొనేవారు. హంపీ సమీపంలోని నింబాపురం దిబ్బను వాలిని దహించిన చోటుగా నేటికీ చూపుతారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఇవి గోమయం కాలగా ఏర్పడినవని ప్రతిపాదించాడు. పాలమూరు సీమలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ జరిపిన త్రవ్వకాల్లో పశువుల దొడ్డి ఆనవాళ్ళు, ఆ నేలపై పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. గోమయభస్మం అనగానే విభూతిని ధరించే వాని హృదయం స్పందిస్తుంది. ఇది భస్మధారణకు మూలమని వెంటనే పలకాలనిపిస్తుంది. కానీ సాదృశ్యం వేరు, ప్రమాణం వేరు. పొగను చూసి నిప్పును ఊహించడానికి వ్యాప్తిజ్ఞానం కావాలి. బూడిదను చూసి కాల్చినవాని సంకల్పాన్ని ఊహించడానికి ఏ వ్యాప్తి ఉంది? శాస్త్రం చదివినవాడు ఇక్కడ ఆగాలి.

కుప్పగల్లులో మరొక ఆశ్చర్యం ఉంది. అక్కడి కొన్ని నల్లగుండ్లను రాతితో కొడితే కంచుగంట మోగినట్లు నాదం పుడుతుంది. పలుమార్లు కొట్టినందువల్ల ఆ గుండ్లపై గుంటలు, గాడులు పడ్డాయి. అంటే ఆ కొండపై రేఖ ఒక్కటే లేదు, శబ్దమూ ఉన్నది. బొమ్మను రూపించే దెబ్బ, నాదాన్ని పుట్టించే దెబ్బ ఒకే క్రియలోని రెండు ఫలాలు కావచ్చునని పరిశోధకుల ఊహ. గీయడమే ఒక క్రతువైతే, గీత ఆ క్రతువు ముగిసిన తరువాత మిగిలిన శేషం మాత్రమే. దానిని అక్షరంగా భావించి చదవబూనడం, హోమం ముగిసిన కుండంలోని బూడిదలో మంత్రాన్ని వెదకడం వంటిది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించవలసి ఉన్నది. చదవలేని లిపి ఒకటి. అసలు లిపి కానిది మరొకటి. హరప్పా ముద్రికలపై గుర్తులు వరుస తీరి ఉంటాయి. అవి భాషకు సంకేతాలని చాలామంది భావిస్తారు గాని, అర్థం నేటికీ తేలలేదు. కుప్పగల్లు రేఖలకు అటువంటి వరుస లేదు. వాటిలో ఎన్నో తరాల చేతులు కలిశాయి. పాత ఎద్దుపై కొత్త ఎద్దు, దాని ప్రక్కన నిన్నటి యాత్రికుడు చెక్కిన తన పేరు. వాటికి తాళపుచెవి వంటి ఒకే రహస్యం ఉండి తీరాలన్న నియమం లేదు.

చదవలేని లిపికి దృష్టాంతం ఈ సీమ అంచుననే ఉంది. గుత్తి నుండి పత్తికొండకు వెళ్ళే దారిలో ఎర్రగుడి సమీపాన గుట్టరాళ్ళపై అశోకుని శాసనాలున్నాయి. పద్నాలుగు ప్రధాన శాసనాలు, రెండు లఘు శాసనాలు, ప్రాకృతభాషలో, బ్రాహ్మీలిపిలో. లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు, మడక సాలు తిరిగినట్లు తిరుగుతాయి. బ్రాహ్మి పరిణమించి తెలుగు లిపి అయింది. మూలరూపం మాత్రం జనస్మృతి నుండి తొలగిపోయింది. తన అక్షరాలకు మాతృకయైన లిపినే తెలుగువాడు గుర్తించలేక శతాబ్దాలపాటు దాని ప్రక్కన గొర్రెలు కాచుకున్నాడు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని ఛేదించాడు. ఎర్రగుడి శాసనాలు మాత్రం 1920ల చివరలో గాని ఒక భూగర్భశాస్త్రవేత్త కంటబడలేదు.

చదివిన తరువాత తేలినదేమిటి? నిధి జాడ కాదు, రాక్షసుల చరిత్ర కాదు. తల్లిదండ్రుల మాట వినాలి, పెద్దలను గౌరవించాలి, ప్రాణులపట్ల దయ చూపాలి, సత్యమే పలకాలి, శిష్యుడు ఆచార్యుని సేవించాలి. ఇదీ లఘు శాసనసారం.

చదవకముందు ఇటువంటి అక్షరాలకు ఏమి జరిగిందో చరిత్రలో నమోదై ఉంది. 14వ శతాబ్దంలో ఫిరోజ్ షా తుగ్లక్ తోప్రా నుండి ఒక అశోకస్తంభాన్ని ఢిల్లీకి తరలించాడు. దానిపై ఏమి వ్రాసి ఉందో చదవమని పండితులను పిలిపించగా ఎవ్వరూ చదవలేకపోయారు. అయినా కొందరు, ఫిరోజ్ అనే సుల్తాను వచ్చేవరకు ఈ స్తంభాన్ని ఎవరూ కదల్చలేరని అందులో వ్రాసి ఉన్నట్లు చెప్పారని నాటి చరిత్రకారుడు అఫీఫ్ వ్రాశాడు. స్తంభంపై ఉన్నది ధర్మోపదేశం. చదవలేని పండితుల నోట వెలువడినది ప్రభువుకు ప్రీతికరమైన జోస్యం. చేయలేనిదానిని చేయలేమని ఒప్పుకొన్నవారి పేర్లు ఎవరికీ తెలియవు. కాని సత్యవాక్కు వారిదే.

ఆ ప్రలోభం నేటికీ తొలగలేదు. రాయలసీమ గ్రామాల్లో గుట్టపై వింతగుర్తు కనబడితే మొట్టమొదట పుట్టే మాట గుప్తనిధి. సర్పాకృతి ఉంటే నాగబంధమని, ఎద్దు ఉంటే దాని చూపు సాగే దిక్కున త్రవ్వాలని చెప్పేవారు ఎక్కడినుండో వస్తారు. రాత్రివేళ గునపాలు దిగుతాయి. పాడుబడ్డ గుళ్ళలో నందులు పగిలాయి, గర్భగుడుల్లో నేల పెకలింది. పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతూనే ఉంది. త్రవ్వేవాడు చట్టాన్ని అడగడు, ముహూర్తాన్ని అడుగుతాడు. అడిగేది అర్చకుణ్ణి.

ఆ క్షణంలో అర్చకుని నోటినుండి వచ్చే మాట రాతికి ప్రాణమో మరణమో అవుతుంది. నిధి గుర్తు అంటే రాయి పగులుతుంది. దేవతాచిహ్నం అంటే పగలకపోవచ్చు, కాని మరునాటికి దానిపై సున్నం, నూనె, పసుపు చేరుతాయి. ఏడాదికి చుట్టూ సిమెంటు అరుగు లేస్తుంది. నాలుగువేల ఏళ్ళు నిలిచిన రేఖ నాలుగేళ్ళలో మాసిపోతుంది. భక్తితో చేసినా చెరుపు చెరుపే. ఏ అర్థమూ లేదంటే క్వారీ యంత్రం వస్తుంది. కుప్పగల్లు కొండలో కొంతభాగం రాతిక్వారీల పాలై, దానిపైనున్న బొమ్మలూ పోయాయి. ఎవరూ అర్థం చెప్పనిదానికి రక్షకుడు లేడు. అర్థం కల్పించినదానికి రక్ష లేదు. ఈ ఉభయసంకటమే అసలు సమస్య.

దీనికి మార్గం వైదిక సంప్రదాయం ఎన్నడో చూపింది. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడు వాదించినట్లు యాస్కుడు తన నిరుక్తంలో పేర్కొన్నాడు. జైమిని సూత్రాల్లో కూడా ఆ పూర్వపక్షం ఉంది. ఋగ్వేదంలోని జర్భరీ, తుర్ఫరీతూ వంటి పదాలను చూపి వేదనిందకులు పరిహసించారు. యాస్కుడు ఆ వాదాన్ని ఖండించాడు. తెలియకపోవడం చూచేవాని లోపమే గాని చూడబడే వస్తువు దోషం కాదని నిర్ణయించాడు. ఇక్కడ గ్రహించవలసిన అంశం మరొకటి ఉంది. ఆ పదాల అర్థంపై వివాదం సాగుతున్న ఆ దీర్ఘకాలంలో అధ్యేత ఏమి చేశాడు? అర్థం తేలలేదని ఆ పదాలను విడువలేదు. సులువైన మాటతో వాటిని మార్చలేదు. ఉదాత్తానుదాత్తస్వరితాలు తప్పకుండా, పదం, క్రమం, జట, ఘనం అని ముందుకు వెనుకకు తిప్పి వల్లించి, ఒక్క మాత్ర కూడా జారకుండా శిష్యునికి అప్పగించాడు.

వేదపాఠశాలలో ఎనిమిదేళ్ళ బాలునికి ముందు అందేది అర్థం కాదు, స్వరం. అర్థం పదేళ్ళకు రావచ్చు, ఇరవై ఏళ్ళకు రావచ్చు, అతని జన్మలో రాకపోవచ్చు. అయినా శబ్దం చెడరాదు. చెడితే, రేపు అర్థం తెలుసుకోగల సమర్థుడు జన్మించినా అతనికి మిగిలేది ఏముంటుంది? రక్షించినవాడు తెలిసినవాడు కాకపోవచ్చు. అతడు రక్షించనిదే తెలిసేవాడు లేడు.

శిలారేఖ విషయంలో కూడా ఇదే ధర్మం. దానిని వేదంతో సమానమని చెప్పడం కాదు. వేదం నేర్పిన శ్రద్ధను దానికి వర్తింపజేయడం. శ్రద్ధ అంటే తెలియనిదానిని తెలిసినట్లు నటించడం కాదు, తెలియనప్పుడు కూడా చేయి జారనీయకపోవడం. ఆ రాతిపై సున్నం పూయకుండడం, బొమ్మ స్పష్టంగా కనబడాలని సుద్దతో దిద్దకుండడం, పేర్లు చెక్కకుండడం, పిల్లలను మోగేరాతిపై కొట్టనీయకుండడం, క్వారీ దారి అటువైపు మళ్ళినా, రాత్రివేళ గునపపు చప్పుడు వినిపించినా పురావస్తు శాఖకు, అధికారులకు ముందే తెలపడం. ఇవి నిరాడంబరమైన పనులు. వీటికి ఫలశ్రుతి లేదు. గోశాలలో పేడ ఎత్తినట్లు, గుడిలో నిర్మాల్యం తీసినట్లు, చేయవలసినవి గనుక చేయవలసినవి.

అడగవచ్చినవానికి అర్చకుడు చెప్పదగినది కూడా ఒక్కటే: ‘తెలియదు నాయనా. తెలిసినవాడు వచ్చేదాకా దీన్ని ఇట్లాగే ఉంచుదాము.’ ఈ మాట పలికితే పాండిత్యానికి హాని కలుగుతుందని కొందరు సంకోచిస్తారు. కాని గుట్టమీద మేకలు కాచే ముసలివాడు తాతముత్తాతలనాటి ఆ ఎద్దుబొమ్మను తొక్కకుండా ప్రక్కనుండి నడిచిపోతాడు. అది ఏమిటో అతనికి తెలియదు. తెలియదని దాచుకోడు కూడా. అర్థం తెలిసినా తెలియకపోయినా, పెద్దల చేతిగీతను తొక్కరాదన్నంతవరకు అతనికి తెలుసు. సాధకునికి ఆరంభంలో కావలసినదీ అంతే.

స్వస్తి.