ఒడ్డు దాటి

డోర్నకల్ జంక్షన్‌లో పెరిగిన నాకు నీళ్లంటే బావి. "పోకు, పడతావ్" అన్న హెచ్చరికే ఈత పాఠం. ముప్పై నాలుగేళ్లకి విశాఖ రుషికొండలో, రాళ్లకి దూరంగా, జనం పలచగా ఉన్నచోట సర్ఫింగ్ బోర్డు మీద బోర్లా పడుకున్నాను. కొత్తవాళ్లకి నడుంలోతులో విరిగొచ్చే తెల్లనురగ చాలు. ఆరితేరినవాళ్లు లోపలికెళ్లి విరగబోయే అలను అందుకుంటారు. పడిలేస్తూ, సిగ్గుపడకుండా ఒంటిని వాడుకోవడం పీహెచ్‌డీ నేర్పనిది.

అల దాటడం ఈ తీరానికి కొత్త కాదు. తెప్పల మీద జాలరులు తరతరాలుగా చేసిందదే. చేపలమ్మి ఇల్లు నడిపిన ఆడవాళ్లు మాత్రం ఒడ్డునే ఆగారు. 1922లో అగథా క్రిస్టీ హవాయిలో అలలెక్కింది. 2007లో ఇషితా మాలవీయ కర్ణాటక తీరంలో మొదలుపెట్టింది. స్త్రీ హృదయాన్ని సముద్రంతో పోల్చిన కవిత్వం మనకి బోలెడు. సముద్రంలోకి దిగిన స్త్రీ ఏదీ? జాలరిపేట మనవరాళ్లకి బోర్డు అందిననాడే ఈ ఆట మనదవుతుంది.