పాత గొంతుకు కొత్త భాగాలు

జులై 4, ఖమ్మం
భద్రాచలంలో పెదనాన్న వాళ్ల పాతింటి గ్రామఫోను ఇవాళ చేరింది. హెచ్.ఎం.వి. 101. 1931లో 102 వచ్చేదాకా నడిచిన చేతిపెట్టె మోడలు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు లేచినప్పుడు నీళ్లలో నానింది. విప్పితే స్ప్రింగు డబ్బాలో గ్రీజు తారులా గడ్డకట్టి ఉంది, స్ప్రింగు లోపలి చుట్టు తుప్పుకు తెగిపోయింది. పళ్ల చక్రాలు, వేగాన్ని అదుపుచేసే గవర్నరు మూడు గుండ్లు నిక్షేపంగా ఉన్నాయి. వాటి జోలికి పోను.

జులై 7
తెగిన కొసను కాల్చి కొక్కెం వంచొచ్చు. కానీ స్ప్రింగు పొట్టిదై, పాట పూర్తికాకముందే వేగం పడిపోవచ్చు.
"మందంది వేద్దాం సార్, ఎక్కువసేపు తిరుగుద్ది" అన్నాడు మెకానిక్.
అది తప్పు లెక్క. అదే డబ్బాలో మందం పెరిగితే చుట్లు తగ్గుతాయి. పైగా పళ్ల మీద బరువు. పాతదాని వెడల్పు, మందం కొలిచి అలాంటిదే తెమ్మన్నాను.

జులై 12
ముల్లు కదలికను ధ్వనిగా మార్చే సౌండ్ బాక్సులో అభ్రకం రేకు అంచున పొరలు విడిపోయింది. కొత్త స్ప్రింగు బిగించి చూస్తే, గట్టి స్వరం దగ్గర జుయ్యిమంటోంది. అల్యూమినియం రేకు తేలిగ్గా దొరుకుతుంది, పగలదు కూడా. అయితే దానిది వేరే గొంతు. అభ్రకం మనకు పరాయిదా? గూడూరు గనులు దానికే పేరుపడ్డాయి. మచ్చ, పగులు లేని పలక ఎంచుకున్నాను. బిగుసుకుపోయిన రబ్బరు రింగులు తీసేసి మెత్తనివి వేశాను. రేకును అవి పట్టుకోవాలే గాని నొక్కకూడదు. నడిమి అతుకుకు చర్ల వైపు నుంచి వచ్చిన తేనెమైనం.

జులై 15
ఉక్కు ముల్లు ప్లేటు ఒక పక్కకే. లక్కలో కలిపిన రాతిపొడి ముల్లును అరగదీస్తుంది. అరిగిన ముల్లు తిరిగి ప్లేటునే గీకుతుంది. వెనకటికి వెదురు ముళ్లూ అమ్మేవారు. మేదరివాళ్ల దగ్గర ఎండు బద్ద అడిగి చెక్కి చూశాను. చప్పుడు తక్కువ, ప్లేటుకు హాయి. గట్టిగా పాడిన చోట మాత్రం మొన నలుగుతోంది. అరిగిన ప్లేట్లకు ఉక్కు ముల్లే.

జులై 20
"మామయ్యా, పైన ఇత్తడి పువ్వు పెడితే బాగుంటది కదా!" అన్నాడు మేనల్లుడు. బజార్లో పాతవని అమ్మే పెట్టెలు చాలావరకు అలా కూర్చినవే. 101కి పువ్వు, అంటే హారన్, పెట్టె లోపలే ఉంది. మూత మూసి చేతపట్టుకుపోవడానికే దాన్ని చేశారు. వద్దన్నాను.

జులై 22
నిమిషానికి 78 చుట్లు కుదిరాయి. రంగస్థల నటుడు కపిలవాయి రామనాథశాస్త్రి పద్యం చివరిదాకా తగ్గకుండా నడిచింది.
మార్చినవాటి జాబితా తారీఖుతో పెట్టె లోపల అతికించాను. తీసినవి సంచిలో దానితోనే ఉంటాయి. నేను తేల్చుకున్నది ఇదీ: అరిగేవి మార్చాలి, కానీ అదే పదార్థంతో, అదే కొలతతో. అవి రెండూ దొరక్కపోతే, దొరికేదాకా ఆగాలి.