మా యింటి క్రిస్మసు పాట

ముందటేటి క్రిస్మసునకు మేము అక్కాతమ్ములము ఇంటిలోనే యొక పాట పాడి, సెల్‌ఫోనులో రికార్డు చేసి, కువైటులో నొక గృహమున పనిచేయుచున్న మా అమ్మకు పంపితిమి. పాట ‘సైలెంట్ నైట్’. మాకు వాద్యమేదియు రానందున, ఎవరో సిద్ధపరచిన బ్యాకింగ్ ట్రాకును, అనగా వెనుకవాద్యమును, అంతర్జాలమునుండి తెచ్చుకొని దానితో కలిసి పాడితిమి. అందు వాద్యములతోపాటు గాయకబృందపు గొంతులును కలవు. చరణము ముగియబోవుచోట స్వరము మిక్కిలి పైకెక్కును. అచ్చట మా గొంతులు నిలిచిపోయినవి. ఆ బృందమువారివి మాత్రము చక్కగా ఎక్కినవి.

అమ్మ విని, “ఆ పైకెక్కిన గొంతు పెద్దదానిదే గదా! నా తోడివారందరికిని వినిపించితిని,” అని మురిసినది. మేము మారు పలుకలేదు. ఏడాదిపాటు ఆ మాట మాలో ముల్లువలె నుండెను.

ఈ పాట పుట్టుక మాకు పిమ్మట తెలిసినది. ఆస్ట్రియా దేశమున ఓబర్న్‌డార్ఫ్ అను ఊరిలో, 1818 డిసెంబరు 24వ తేదీ రాత్రి దీనిని మొదట పాడిరి. మాటలు వ్రాసిన మోర్ గురువుగారును, రాగము కట్టిన గ్రూబర్ అను ఉపాధ్యాయుడును పాడిరట. తోడు ఒక్క గిటారు. ఇద్దరు మనుష్యులు, ఒక గిటారు! మేమును ఇద్దరమే గదా అని, ఎరువు తెచ్చుకొన్న గిటారుతో వేసవినుండి సాధన చేసితిమి.

మొన్నటి డిసెంబరులో మరల పూనుకొంటిమి. ఈ మారు గొంతులు లేని ఆర్గను ట్రాకునే యెన్నుకొంటిమి. అది బి ఫ్లాట్ శ్రుతిలో నుండెను. మాకు వచ్చినవి జి శ్రుతి పట్టులే గనుక, మూడవ మెట్టుపై కాపో బిగించితిమి. మొదట ట్రాకును స్పీకరులో పెట్టి పాడగా, మైకు దానినికూడ పట్టుకొన్నది. తరువాత కలుపునప్పుడు ఆర్గను రెండుమారులు మ్రోగి గందరగోళమయ్యెను. పిదప తీగలేని ఇయర్‌ఫోనులు పెట్టుకొంటిమి. వానిలో ధ్వని రవంత ఆలస్యముగా చేరును. దాని ననుసరించి పాడిన మా పాట ప్రతిచోట వెనుకబడెను. తుదకు తీగగల పాత ఇయర్‌ఫోనులే కాపాడినవి. బోడిగోడల ప్రతిధ్వని తగ్గుటకు నాయనమ్మ బొంతలను త్రాళ్లపై వ్రేలాడదీసి, పంకా నాపి, చెమటలు కారుచు పాడితిమి. (నాయనమ్మ తన బొంతలకై మూడుమారులు వచ్చి చూచిపోయినది.) పదునొకండు మారులు పాడగా, తొమ్మిదవది మేలుగా కుదిరినది, కాని దాని నడుమ కోడిపుంజు కూసినది. అయినను దానినే యుంచుకొని, ఆర్గను ధ్వనిని మా గొంతులకంటె తగ్గించి కలిపితిమి.

పంపుటకు ముందు అమ్మకు ఫోను చేసితిమి. అచ్చట మనకంటె రెండున్నర గంటలు వెనుక గనుక, ఆమె పని తీరువరకు మేల్కొనియుంటిమి. ముందటేటి పైగొంతు మాది కాదని అక్క చెప్పివేసినది. అమ్మ కొంతసేపు మాటలాడలేదు. “పంపుడు, విందును,” అని మాత్రము అనినది.

పావుగంటకు ఆమెయే ఫోను చేసినది.

“పైస్వరము అందలేదే.”

“అందలేదమ్మా,” అంటిమి.

“పోనీ. నడుమ కూసినది మన నల్లపుంజేనా?” అని అడిగినది.