గాలి చేతిలో మంట

రామకృష్ణాపూర్ లాంటి సింగరేణి బొగ్గు గనుల ఊళ్లలో నిప్పును అదుపు చేయడమంటే గాలిని అదుపు చేయడమే. భూగర్భ గనిలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటే, ఆ చోటికి గోడ కట్టి గాలి ఆపేస్తారు. లోపల కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలుస్తూ ఉంటారు. చలిదేశాల కట్టెల స్టవ్వులోని థర్మోస్టాట్‌దీ ఇదే సూత్రం, అదీ కరెంటు అక్కర్లేకుండా. వేడికి వేర్వేరుగా సాగే రెండు లోహాలను అతికించి, ఆ పట్టీని చుట్టలా చేసి స్టవ్వు దగ్గర బిగిస్తారు. వేడెక్కితే అది మెలితిరిగి, గాలి వెళ్లే దారి మీద సన్న గొలుసుకు వేలాడే రేకు మూతను దించుతుంది. గాలి తగ్గి మంట నెమ్మదిస్తుంది. చల్లబడితే మూత మళ్లీ లేస్తుంది.

దాన్ని పూర్తిగా నమ్మవచ్చా? పట్టీకి తెలిసేది స్టవ్వు వేడి ఒక్కటే. లోపల కట్టె ఉందో, బూడిదే మిగిలిందో తెలియదు. కట్టెలు అయిపోయి స్టవ్వు చల్లబడుతుంటే, గాలి చాలడం లేదన్నట్టు మూత బార్లా తెరుస్తుంది. మిగిలిన వేడి కాస్తా పొగగొట్టం పాలవుతుంది. మూత మరీ బిగిస్తే కట్టె మండక పొగ కక్కుతుంది, గొట్టానికి తారు పడుతుంది, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది. అందుకే మూత పూర్తిగా మూసుకున్నా కాస్త గాలి ఆడే సందు ఉండాలి. చేత్తో తిప్పుకోవడమే మేలంటారు కొందరు. మనిషి మంట రంగు చూడగలడు, నిజమే. కానీ అర్ధరాత్రి నిద్రపోతాడు. నా ఓటు పట్టీకే, సందూ పొగగొట్టమూ సరిగ్గా ఉంటేనే. పొగగొట్టమే లేని బొగ్గు కుంపటిని మాత్రం చలికాలం రాత్రి గదిలో పెట్టుకుని తలుపులు మూసుకోకండి.