గ్యాస్ కొట్టే ముందు

మదురై నుంచి శ్రీవిల్లిపుత్తూరు మీదుగా కొల్లం వైపు వెళ్లే రోడ్డులో, పడమటి కనుమలు దగ్గరపడే చోట రాజపాళయం వస్తుంది. విజయనగర కాలంలో తెలుగునేల నుంచి వలస వచ్చామని చెప్పుకునే రాజుల ఊరు ఇది. 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. 1936లో పి.ఎ.సి. రామస్వామి రాజా రాజపాళయం మిల్స్ స్థాపించారు. నూలు మిల్లులు ఈ ఊరికి అన్నం పెట్టాయి.

నూలు పనిలో గాలి సంగతి తెలియకపోతే కుదరదు. గాలి పొడిబారితే దారం పుటుక్కున తెగుతుంది. 1906లో అమెరికాలో స్టూవర్ట్ క్రేమర్ గాలికి తేమ పట్టించే యంత్రాల మీద పనిచేసింది కూడా బట్టల మిల్లుల కోసమే. నేను చూడబోయిన కారు ఏసీ షెడ్డు పెద్దాయన కూడా వయసులో ఉన్నప్పుడు మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు చూసుకున్నవారే.

నేను వెళ్లేసరికి ఒక కుర్రాడు చిన్న కారు తెచ్చి నిలబెట్టాడు. ‘‘అన్నా, కూలింగ్ అసలు రావడం లేదు. గ్యాస్ కొట్టేయండి’’ అన్నాడు తెలుగులోనే. ఎండాకాలం రాగానే గ్యాస్ కొట్టించడం అతనికి అలవాటైపోయిందట.

‘‘కొడదాంలే తమ్ముడూ. ముందు లోపలున్నది ఎటు పోయిందో చూద్దాం’’ అన్నారు పెద్దాయన.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ స్విచ్ వేశారు. బ్లోవర్ గాలి జోరుగానే కొడుతోంది, కానీ వేడిగా ఉంది. అంటే క్యాబిన్ ఫిల్టర్ పూడుకుపోలేదు. కంప్రెసర్ ముందుభాగంలో మాగ్నెటిక్ క్లచ్ పట్టుకున్న చప్పుడు వినిపించలేదు. ఫ్యూజు చూశారు. హారన్ రిలే తీసి ఏసీ రిలే చోట పెట్టి చూశారు. కరెంటు వైపు లోపమేమీ లేదు. అప్పుడు గేజీలు తగిలించారు, నీలం పైపు తక్కువ ప్రెషర్ వైపు, ఎర్ర పైపు ఎక్కువ ప్రెషర్ వైపు.

రెండు ముళ్లూ 25 పీఎస్ఐ దాటలేదు. ఆ కారులో వాడే ఆర్134ఏ గ్యాస్ లోపల ద్రవంగా కొంచెమైనా మిగిలి ఉంటే, 35 డిగ్రీల ఎండలో ఆపి ఉంచిన కారులో కూడా ముల్లు 110 దాటాలి. గ్యాస్ దాదాపు ఖాళీ. కంప్రెసర్‌కు నూనె ఆ గ్యాస్‌తోనే తిరుగుతుంది కాబట్టి, నూనె అందక కంప్రెసర్ పట్టేయకుండా ప్రెషర్ స్విచ్ దాన్ని తిరగనివ్వలేదు. ఆ స్విచ్ వైర్లు కలిపేసి బలవంతంగా తిప్పి చూసేవాళ్లూ ఉన్నారట. ‘‘కంప్రెసర్‌ను చేతులారా చంపుకోవడమే’’ అన్నారాయన.

బంపర్ విప్పితే కండెన్సర్ రెక్కల నిండా దుమ్ము, పత్తి నుసి. కింది మూలలో మాత్రం నూనె తడితో నల్లటి మరక కనిపించింది. లోపల మిగిలినది యంత్రంలోకి లాగేసి, నైట్రోజన్ నింపి, బ్రష్‌తో సబ్బునీళ్లు పూశారు. క్షణం ఏమీ లేదు. తర్వాత ఆవగింజంత బుడగ పుట్టి పెరిగి పగిలింది. అదే చోట మరొకటి పుట్టింది. రోడ్డు మీద ఎగిరిన రాయి తగిలి అల్యూమినియం గొట్టానికి సన్నటి చిల్లు పడింది. కుర్రాడు వంగి చాలాసేపు దాన్నే చూశాడు.

కండెన్సర్ మార్చారు. దాంతోపాటు తేమ పీల్చే డ్రయ్యర్ కూడా. కొత్త ఓ-రింగులకు నూనె రాసి బిగించారు. వ్యాక్యూమ్ పంపు అరగంట పైన నడిచింది. గొట్టాలు విప్పినప్పుడు లోపల చేరిన నీటి తేమ వ్యాక్యూమ్‌లో మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. ఆ తేమ లోపలే ఉండిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర మంచుగా గడ్డకడుతుంది, నూనెతో కలిసి లోహాన్ని తింటుంది. పంపు ఆపి, ముల్లు కదలడం లేదని నిలకడగా చూసుకున్నాకే సిలిండర్‌ను తూకం మీద పెట్టారు. బానెట్ కింద అంటించిన స్టిక్కర్ మీద ఎన్ని గ్రాములుంటే అన్ని గ్రాములే ఎక్కించారు. ద్రవం కొంచెం ఉన్నా ప్రెషర్ ఎండను బట్టే నిలుస్తుంది కాబట్టి, ఆపిన కారులో ముల్లు చూసి లోపలెంత ఉందో చెప్పలేం. అందుకే తూకం.

క్లచ్ టక్కుమని పట్టింది. కాసేపటికి లోపలి గాలి చల్లబడింది.

గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ లోపల తిరుగుతూనే ఉంటుంది. ఏటా కొట్టించాల్సి వస్తోందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారిపోయింది ఊరికే పోదు. ఆర్134ఏ ఓజోన్ పొరకు హాని చేయకపోయినా, భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. ఇలాంటి వాయువుల వాడకం తగ్గించాలని 2016లో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో దాన్ని ఆమోదించింది. ఆ మాట నిలబడేది ఇలాంటి షెడ్లలోనే, చిల్లు వెతికే ఓపిక ఉన్న చేతుల్లోనే. ఆ ఓపికకు కూలి ఇవ్వడానికి మనం వెనకాడకూడదు.

మీ కారు ఏసీ ఆగిపోతే మెకానిక్‌ను మూడు మాటలు అడగండి: ఎక్కడ కారుతోంది? వ్యాక్యూమ్ ఎంతసేపు పెట్టారు? ఎన్ని గ్రాములు ఎక్కించారు? మూడింటికీ జవాబు చెప్పగలిగినవారికే మళ్లీ కారు అప్పగించండి.