ఆధిక్యమునకు వెల

అమెరికా టెలివిజనులో 2007 సెప్టెంబరున ఆరంభమై ఒక్క సీజనుతోనే అంతరించిన 'టెంప్టేషన్' అను పోటీ కార్యక్రమమును స్మరించువారు నేడు అరుదు. కాని ధనవిషయమున నాకు కలిగిన వివేకములో కొంత భాగము దానిని చూచుచుండగా స్థిరపడినదగుటచే, దానిని గుఱించి వ్రాయుట నా విధి యని తలచుచున్నాను.

1969లో ఎన్.బి.సి.లో వెలసి, 1980లో ఆస్ట్రేలియాలో నిర్మాత రెగ్ గ్రండీ చేతిలో రూపు మార్చుకొని, 1983లో జిమ్ పెర్రీ నిర్వహణమున మరల అమెరికా చేరిన 'సేల్ ఆఫ్ ది సెంచరీ'కి అది వారసత్వముగా వచ్చినది. పెర్రీ కాలపు పద్ధతి యిది: ఆటగాడు 20 డాలర్లతో మొదలిడును, సరియైన జవాబునకు 5 డాలర్లు చేరును, తప్పు జవాబునకు 5 పోవును. నడుమనడుమ, అందఱికంటె ముందున్నవానికి మాత్రమే, వందల డాలర్ల వెలగల వస్తువును చూపి, ఏడెనిమిది డాలర్లకే యిత్తుమందురు. అతడు తటపటాయించినచో నిర్వాహకుడు వెల తగ్గించును, ఒక్కొక్కప్పుడు పైన కొంత నగదును చేర్చును. ఆట ఓడినను కొన్న వస్తువు అతనిదే. కావున ఆ బేరములో మోసమేమియు లేదు, అది నిజముగా చౌకయే. అయినను ఆ ఏడెనిమిది డాలర్లు తీయవలసినది అతని ఆధిక్యమునుండి. ఒకటిన్నర ప్రశ్నకు సరిపడు ఆ మొత్తము తగ్గగానే వెనుకనున్నవాడు దాపునకు వచ్చును, కడపట కారు మొదలగు పెద్ద బహుమతులను కొను అవకాశము చేజాఱవచ్చును.

వస్తువు చౌకయా యను ప్రశ్నకును, ఈ సొమ్ము తొలగినపిదప నేనెచట నిలుతునను ప్రశ్నకును గల అంతరము నాకు 'టెంప్టేషన్' చూచుచుండగా స్పష్టముగా గోచరించినది. గృహస్థునకు రెండవ ప్రశ్నయే ముఖ్యమని నా దృఢాభిప్రాయము.

ఆ చలికాలముననే ఒక కార్ల దుకాణమున నా పాత వ్యానును తీసికొని క్రొత్త కారు నిచ్చెదమని నన్ను కూర్చుండబెట్టిరి. సేల్స్‌మన్ కాగితముపై నెలవాయిదా వ్రాసి నావైపు త్రిప్పెను; నేను లేవబోగానే మేనేజరు గదికి పోయి వచ్చి, పై అంకెను కొట్టివేసి క్రింద చిన్న అంకె వ్రాసెను; మరల నట్లే చేసెను. ప్రతి తగ్గింపును నిజమైనదే. కాని నేనప్పుడు ఉద్యోగముపై ఆధారపడిన హెచ్-1బి వీసాపై నుంటిని. ఉద్యోగము పోయినవారికి 60 దినముల గడువు నిచ్చు నిబంధన 2017 వఱకు రానేలేదు. ప్రాజెక్టు ముగిసి బెంచిమీద కూర్చున్న మన తెలుగు పిల్లలు, జీతము రాక, తిరుగు టికెట్టు డబ్బులకై మిత్రుల నడుగుట కన్నులార చూచితిని. అట్టి స్థితిలోనివానికి బ్యాంకులోని ఆఱు నెలల ఖర్చే ఆధిక్యము. దానిని నెలవాయిదాలకు అప్పగించుటకు నా మనస్సు ఒప్పలేదు.

401(కె) అను పదవీ విరమణ పొదుపు ఖాతాలో యజమాని తనవంతు జోడించు మేరకు మాత్రము వేసితిని. ఆ యేటి పరిమితి 15,500 డాలర్లైనను అంతదూరము పోలేదు, ఏలయన అందలి సొమ్మును ముందుగా తీసినచో పన్నుగాక సామాన్యముగా నూటికి పది వంతున జరిమానా పడును. తక్కినది బ్యాంకు పొదుపు ఖాతాలో నిలిపితిని. డాలరునకు 40 రూపాయలైన రాని ఆ దినములలో ఇంటికి అవసరమైనంతయే పంపితిని.

2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలినది. కొలది కాలమునకే మా ప్రాజెక్టును నిలిచిపోయినది. వేఱొకటి దొరకువఱకు అద్దెయు, బీమాయు, బియ్యము పప్పులును ఆ బ్యాంకు ఖాతానుండియే నడచినవి. పని దొరకి, డాలరు 50 రూపాయల దాపునకు వచ్చిన పిమ్మట, మిగిలినదానిలో కొంత పంపి నాన్నగారు పొలముపై తెచ్చిన అప్పును తీర్పించితిని.

2009 వేసవిలో, పెట్రోలు అధికముగా త్రాగు పాత బండ్లను అప్పగించి క్రొత్తవి కొనువారికి 3,500 గాని 4,500 గాని డాలర్లు ప్రభుత్వమే యీయ నారంభించెను. ఏడాదిపాటు బీమాతో నడచిన బండి కావలెనను షరతునకు నా వ్యాను చక్కగా సరిపోయినది. దానిని అప్పగించి, మిగిలిన వెలను ఒక్కమాఱే చెల్లించి కారు కొంటిని. అప్పటికి ఆఱు నెలల ఖర్చు ఖాతాలో మరల చేరియుండెను, దానిని ముట్టవలసిన పని కలుగలేదు.