బ్లాస్ట్ అంటే ఎంజాయ్ చేయడమట!

మా ఆఫీసులో రోజుకు పదిసార్లు ఏదో ఒకటి క్రాష్ అవుతుంది. చప్పుడు మాత్రం రాదు. సర్వర్ పడిపోతే రాత్రి రెండింటికి మన ఫోన్ మోగుతుంది, అంతే! అదే క్రాష్ అమీర్‌పేటకి వెళ్తే కోర్సు అవుతుంది. ఫ్రెండ్ రూమ్‌కి వెళ్తే నిద్ర అవుతుంది.

ఇంగ్లిష్‌లో చప్పుళ్లన్నీ ఇంతే, పుట్టిన చోట ఉండవు. 'పింగ్ చెయ్' అంటాం కదా, అది జలాంతర్గాముల్ని పట్టే సోనార్ శబ్దం. 1983లో మైక్ మూస్ అనే ఇంజినీర్ తను రాసిన నెట్‌వర్క్ ప్రోగ్రామ్‌కి ఆ పేరు పెట్టాడు. ఆశ్చర్యార్థకాన్ని యూనిక్స్ వాళ్లు 'బ్యాంగ్' అని చదువుతారు. ఇంటర్వ్యూ క్రాక్ చేస్తే పార్టీ, అదే 'వాడో క్రాక్' అంటే... మీకు తెలిసిందే.

అసలు తిరకాసు బాంబుతో. స్టేజి మీద జోక్ 'బాంబ్డ్' అని అమెరికావాళ్లు అన్నారంటే ఎవరూ నవ్వలేదని. మనకేమో పంచ్ పేలిందంటే హాలంతా నవ్వినట్టు! నవ్వకపోతే తుస్సుమందంటాం. నన్నడిగితే మన లెక్కే కరెక్టు.

ఇక బ్లాస్ట్. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల కడుతూనే ఉన్నారు. కింద అంతా గ్రానైటే కాబట్టి, సెల్లార్ తవ్వాలంటే చాలాచోట్ల బండ పేల్చాల్సిందే. ఆ బ్లాస్టింగ్‌కి మేం తలెత్తి కూడా చూడం.

మా ఇల్లు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నేను ఇంటర్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నా. చప్పుడు వినగానే ఎవరింట్లోనో సిలిండర్ పేలిందనుకున్నాం. కాసేపటికి రెండోది. అంతకు ముందు 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు టీవీలో చూశాం. ఇది మాత్రం నడిచి వెళ్లేంత దూరం. నాన్న ఇంటికి చేరేదాకా అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

మొన్న అమెరికా నుంచి వచ్చిన టీమ్‌మేట్ గోల్కొండ, చార్మినార్ చూసి, బిర్యానీ తిని ఫ్లైట్ ఎక్కుతూ మెసేజ్ పెట్టాడు: 'హ్యాడ్ ఎ బ్లాస్ట్ ఇన్ హైదరాబాద్!' ఛార్జింగ్‌లో ఉన్న నా ఫోన్ తెచ్చిస్తూ అమ్మ స్క్రీన్ మీద చదివింది. ఆమెకి అందులో రెండే మాటలు కనిపించాయి.

"ఎక్కడరా? చెల్లి ఇంకా రాలే!"

"అయ్యో, అది కాదమ్మా. మస్త్ ఎంజాయ్ చేశాడట. వాళ్ల భాషలో అలాగే అంటారు."

"మరి ఆ మాటే రాయొచ్చు గదా," అంది. కోపంగా కాదు, గొంతు వణికింది.

నా మాట నమ్మింది. అయినా చెల్లికి ఫోన్ చేసింది. "అమీర్‌పేటలో మెట్రో మారుతున్నా" అని అది చెప్పాకే కుర్చీలో కూర్చుంది.